ఎర్రగడ్డలో మారిన గొంతు

తలుపు పగలగొట్టేసరికి అభిషేక్ చనిపోయి పదకొండు రోజులైంది.

హైదరాబాద్, భరత్‌నగర్. మెట్రో స్టేషన్ నుంచి ఏడు నిమిషాల నడక. మూడో అంతస్తులో ఒంటి గది. బయట తాళం. మార్చి 20 ఉదయం 8.15కి, వాసన భరించలేక పక్కింటివాళ్లు పోలీసులకు ఫోన్ చేశారు.

మెడ కింద రెండు కత్తిపోట్లు. కత్తి లేదు. ఫోన్ లేదు. కుర్రాడికి ఇరవై ఆరేళ్లు. సొంతూరు జహీరాబాద్ పక్కన మొగుడంపల్లి.

మే రెండో వారంలో ఆ ఫైలు కాపీ జహీరాబాద్ ఎస్సై గ్లోరీ టేబుల్ మీదికి వచ్చింది. సిటీ పోలీసులు అడిగింది చిన్న పని. అనుమానితుడు సురేశ్‌ది జహీరాబాదే. అతని తరఫు సాక్షుల చేత వాంగ్మూలాల మీద మరోసారి సంతకాలు పెట్టించి పంపితే చాలు.

గ్లోరీ సంతకాల సంగతి పక్కన పెట్టి ఫైలు మొదటినుంచీ చదివింది. మూడుసార్లు చదివింది.

మార్చి 9, ఆదివారం. ఉదయం 11.40కి అభిషేక్ తన తల్లి చెన్నమ్మకు ఫోన్ చేశాడు. మర్నాడు ఊరికి వస్తానన్నాడు. పోలీస్ స్టేషన్లో ఒక మాట చెప్పేదుందన్నాడు. ఏం మాటని ఆమె అడిగేలోగా తలుపు చప్పుడైంది.

"ఎవరో వచ్చిన్రు అవ్వా. మళ్ల చేస్త."

11.43కి కాల్ ముగిసింది. 12.10కి ఫోన్ స్విచాఫ్ అయింది. హత్య ఆ ఇరవై ఏడు నిమిషాల్లోనే జరిగింది. కానీ కాల్ రికార్డులు తెప్పించి, తల్లి చెప్పిన మాటతో సరిచూసి ఆ తేదీ తేల్చేసరికి ఏప్రిల్ నెలాఖరైంది. మెట్రో కెమెరాల్లో అంత పాత రికార్డు మిగల్లేదు.

సురేశ్ మీద అనుమానానికి ఒకటే ఆధారం. చివరి పది రోజుల్లో అతను అభిషేక్‌కు ముప్పై ఒక్క సార్లు ఫోన్ చేశాడు. ఎందుకని అడిగితే, పని మానేసినవాణ్ణి తిరిగి రమ్మని బతిమాలానన్నాడు. నమ్మదగ్గ మాటే. అభిషేక్ ఫిబ్రవరి దాకా సురేశ్ డీసీఎం వ్యాన్ మీద క్లీనర్‌గా పనిచేశాడు.

ఆ వరుస దగ్గర గ్లోరీ ఆగిపోయింది. అతను పని మానేసింది ఫిబ్రవరి 12న.

ఫిబ్రవరి 11న, తెల్లవారుజామున 5.50కి, మొగుడంపల్లి రోడ్డు మీద నాగప్ప అనే చెరుకు కూలీని ఏదో బండి గుద్దింది. అతను సైకిల్ మీద పనికి పోతున్నాడు. బండి ఆగలేదు. నాగప్ప రోడ్డు పక్కన గంటసేపు ప్రాణాలతోనే ఉన్నాడని డాక్టర్లు చెప్పారు. ఆపి దవాఖానకు తీసుకెళ్తే బతికేవాడు. ఆ కేసు గ్లోరీదే. మూడు నెలలుగా ఒక్క సాక్షి దొరకలేదు.

ఇప్పుడు దొరికాడు. భరత్‌నగర్ గదిలో, శవమై.

కారణం తెలిసింది. అయితే సురేశ్ ఆ సమయంలో అక్కడ లేడు. భార్య మమతతో, మేనమామ ఈరయ్యతో కలిసి మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా వెళ్లి వచ్చాడు. 11.14కి కొన్న మూడు టికెట్లున్నాయి. అతని ఫోన్ సిగ్నల్ మెట్రో లైన్ వెంటే ఎల్బీనగర్ దాకా వెళ్లి తిరిగి వచ్చింది. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఈరయ్య మాట. నలభై ఏళ్లు జహీరాబాద్‌లో బట్టలు కుట్టిన మనిషి. ఆరేళ్ల కింద షుగర్‌తో రెండు కళ్లూ పోయాయి. పిల్లలు లేరు, భార్య పోయింది. మేనల్లుడి ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయన అబద్ధమాడతాడని ఊళ్లో ఎవరూ అనరు.

ఆయన వాంగ్మూలం రెండు పేజీలు. కళ్లున్నవాడు కూడా అంత వివరంగా చెప్పలేడు. ఏ స్టేషన్ దగ్గర బయట ఏముందో వరుసగా ఉంది. మియాపూర్‌లో రైళ్లు పడుకునే షెడ్లున్నాయని చెప్పిన్రు. భరత్‌నగర్ కాడ కింద రైలు పట్టాలున్నాయని చెప్పిన్రు. ఎర్రగడ్డ కాడ రైతుబజారని చెప్పిన్రు. రాసుకున్న పోలీసు ఆయన నోటి మాటను మార్చకుండా దించాడు. ప్రతి వాక్యం చివరా అదే మాట.

చెప్పిన్రు. చెప్పిన్రు. చెప్పిన్రు.

గ్లోరీ పెన్సిల్ తీసి ఆ మాట కింద గీత గీసింది.

మర్నాడు ఉదయం ఏడింటికి ఆమె సురేశ్ ఇంటికి వెళ్లింది. పెద్దాయన్ని ఒకసారి మెట్రోలో తీసుకెళ్లాలని, సంతకం పెట్టించే ముందు ఆయన చెప్పింది సరిచూసుకోవాలని ఉన్నమాటే చెప్పింది. సురేశ్ కుర్చీ వేశాడు. తానూ వస్తానన్నాడు. అవసరం లేదంది. అతను పట్టుబట్టలేదు.

"తోలుకపోండ్రి మేడం. మామకు మెట్రో అంటే పాణం."

మమత అరుగు మీద బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

11.20కి మియాపూర్‌లో రైలు కదిలింది.

ఈరయ్య తెల్లటి లాల్చీ వేసుకున్నాడు. చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. మొహంలో సంతోషం దాగడం లేదు. ప్రతి స్టేషన్ పేరూ, రైల్లో గొంతు వినిపించకముందే తను చెప్పేస్తున్నాడు. జేఎన్‌టీయూ కాలేజీ. కేపీహెచ్‌బీ. కూకట్‌పల్లి. ఆ రోజు సురేశ్ కుడిపక్క, మమత ఎడమపక్క కూర్చున్నారట. గ్లోరీ ఒక్కో స్టేషన్‌కీ ఒకటే ప్రశ్న వేసింది. ఇక్కడేముందని చెప్పారు? ఎవరు చెప్పారు?

మొదట్లో ఆయనకు ఆ రెండో ప్రశ్న విడ్డూరంగా తోచింది. సురేశేనన్నాడు. వాడు బండి నడిపేవాడు గదా, రోడ్లన్నీ వానికి ఎర్కేనన్నాడు. కూకట్‌పల్లిలో ట్రాఫిక్ ఎట్ల ఆగిందో చెప్పాడట. బాలానగర్‌లో లారీలు ఎటు మళ్లుతాయో చెప్పాడట. మూసాపేట దాటాక, వచ్చే స్టేషన్లో పట్టాల మీద పట్టాలుంటాయి మామా, కింద ఒక రైలు, మీద మనం అన్నాడట.

భరత్‌నగర్. తలుపులు తెరుచుకున్నాయి. గ్లోరీ గడియారం చూసింది. 11.34.

"ఈడ సురేశ్ ఏం చేసిండు కాకా?"

"లేసి ఎవరో ముసలామెకు సీటిచ్చిండు. తలుపు కాడ నిలబడ్డడని మమత చెప్పింది. ఆ ముసలామె గాజులు నా చేతికి తగిలినయి."

తలుపులు మూసుకున్నాయి. తర్వాత ఎర్రగడ్డ. రైతుబజారు. ఎవరు చెప్పారని గ్లోరీ అడిగింది.

ఈరయ్య నోరు తెరిచి ఆగిపోయాడు. కర్ర మీద వేళ్లు కదిలాయి.

"మమత."

ఈఎస్ఐ ఆస్పత్రి? మమతే. ఎస్సార్‌నగర్? మమతే. అమీర్‌పేట్‌లో జనం విరగబడ్డారు. ఆ స్టేషన్ గురించి మమత చెప్పింది చీరల దుకాణాల బోర్డులు, రంగులు. పంజాగుట్టలో ఏదో నగల దుకాణం. ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ. గ్లోరీ అడగడం మానేసింది. అవసరం లేకపోయింది. నాంపల్లి దాటినప్పటినుంచీ ఆయనే తనలో తాను లెక్క పెట్టుకుంటున్నట్టు గొణుగుతున్నాడు. గాంధీభవన్, మమత. ఉస్మానియా మెడికల్ కాలేజ్, మమత. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర మూసీ వాసన వచ్చిందట. సురేశ్, మూసీ వచ్చిందిరా అని ఆయన గట్టిగా పిలిచాడట. జనంలో ఇనపడదు మామా అని మమతే జవాబు చెప్పిందట.

మలక్‌పేట తర్వాత ఆయన ఇక పేర్లు ముందుగా చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో గ్లోరీ నీళ్ల సీసా అందించింది. వద్దన్నాడు.

ఎల్బీనగర్. 12.12. ఆ రోజు ఇక్కడ ఆయన చేయి పట్టుకుని దించింది మమత. సురేశ్ టికెట్లకు ముందే ఉరికిండని చెప్పింది. తిరుగు రైలు ఎక్కించింది కూడా ఆమే. చివరి బోగీ. నడవడం దూరమైనా అక్కడికే తీసుకెళ్లిందట.

గ్లోరీకి ఇక్కడ ఆపేయాలనిపించింది. కావలసింది దొరికింది. ఈ మనిషిని ఇంకా పిండడం దేనికి? కానీ ఆయనే లేచి నిలబడ్డాడు. తిరుగు రైలు ఎక్కుదామన్నాడు. చివరి బోగీలోనే కూర్చుందామన్నాడు.

రైలు ఎర్రగడ్డ దాటింది. 1.08కి భరత్‌నగర్‌లో తలుపులు తెరుచుకుంటుండగా, ఎవరూ అడక్కుండానే ఈరయ్య నోరు విప్పాడు.

"ఈడ వచ్చి కూసున్నడు బిడ్డా. మామా, ఎట్లున్నది అని నా భుజం మీద చెయ్యేసిండు. నేను వాని చెయ్యి పట్టుకున్న. చెయ్యి సల్లగున్నది. సబ్బు వాసన. అంగీ వేరేది."

"వేరేది అంటే?"

"పొద్దుగాల ఇంట్ల ఏసుకున్నది నేను కుట్టిన నూలు అంగీ. కండ్లు పోకముందు కుట్టిన ఆఖరు అంగీ అది. నా కుట్టు నాకు ఎర్క లేదా? గిప్పుడు ఏసుకున్నది దుకాణం అంగీ. గంజి ఇంక పోలేదు. మడతలు గట్ల గట్లనే ఉన్నయి. భుజం కాడ సూది గుచ్చిన సందు కూడ చేతికి తగిలింది."

గ్లోరీ వెంటనే ఫోన్ తీసి సిటీ ఇన్‌స్పెక్టర్‌కు చేసింది. గదిలో దొరికిన వస్తువుల జాబితాలో పదిహేడో వస్తువు మళ్లీ చూడమని కోరింది.

ఈరయ్య కర్ర మీద నుదురు ఆనించి కూర్చున్నాడు. మియాపూర్ వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

సాయంత్రం 5.30. జహీరాబాద్ పోలీస్ స్టేషన్. గ్లోరీ గదిలో నాలుగు కుర్చీలు వేయించింది. సురేశ్, మమత ఒక పక్క. ఈరయ్య గోడ దగ్గర. తలుపు పక్కన అభిషేక్ తల్లి చెన్నమ్మ. కొడుకు విషయం తేలుతుందని కబురు పెడితే మొగుడంపల్లి నుంచి షేర్ ఆటోలో వచ్చింది.

సంతకాల కోసమేననుకున్న సురేశ్ పెన్ను అడిగాడు. గ్లోరీ ఇవ్వలేదు.

"భరత్‌నగర్ల ఎందుకు దిగినవు?"

దిగలేదన్నాడు. మామనడగమన్నాడు.

"అడిగిన. ఆయన మొదటి రోజే చెప్పిండు. మేమే సరిగ్గ చదవలే."

ఆమె వాంగ్మూలం అతని ముందుకు జరిపింది. మన భాషలో ఇద్దరూ చెప్పినా, ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్పినా, ఒకే మాట వస్తుంది. చెప్పిన్రు. రాసుకున్నవాళ్లు, చదివినవాళ్లు అందరూ అది ఇద్దరి మాట అనుకున్నారు. కానీ మూసాపేట దాకా చెప్పిన గొంతు ఒకటి, ఎర్రగడ్డ నుంచి చెప్పిన గొంతు ఇంకొకటి. మధ్యలో ఒక స్టేషన్ ఉంది. అభిషేక్ తలుపు ఆ స్టేషన్‌కు ఏడు నిమిషాల దూరం. 11.34కి దిగినవాడు 11.43కి తలుపు కొట్టగలడు. ఫోన్ భార్య సంచిలో పెట్టి పంపాడు కాబట్టి సిగ్నల్ ఎల్బీనగర్ పోయింది. మనిషి పోలేదు. ముందే అనుకున్న చివరి బోగీలో, భరత్‌నగర్ దగ్గర తిరుగు రైలు ఎక్కినవాడి ఒంటి మీద అంగీ మారిందని మామ చేతికి తెలిసింది.

సురేశ్ నవ్వబోయాడు. గుడ్డి ముసలాయన మతిమరుపును కోర్టు నమ్ముతుందా అన్నాడు.

గ్లోరీ ఫోన్‌లో ఒక ఫొటో తెరిచింది. సిటీ నుంచి మధ్యాహ్నమే వచ్చింది. జాబితాలో పదిహేడో వస్తువు, అభిషేక్ బాత్రూంలో బకెట్ వెనక దొరికిన చెత్త. కొత్త షర్టు కాలరు కింద ఉండే ప్లాస్టిక్ పట్టీ. రెండు గుండుసూదులు. సైజు చెప్పే చిన్న స్టిక్కర్. అభిషేక్ కొత్త షర్టు కొనుక్కున్నాడనుకుని ఎవరూ పట్టించుకోలేదు. స్టిక్కర్ మీద 42 అని ఉంది.

"అభిషేక్‌వి గదిల ఉన్న అంగీలన్నీ ముప్పై ఎనిమిది. నీది ఎంత సురేశ్?"

అతను మమత వైపు చూశాడు. పట్టీ మీద వేలిముద్రలు తీస్తున్నారని గ్లోరీ చెప్పింది.

మమత ఏడ్చింది. నాగప్పను గుద్దిన బండి సురేశ్‌దేనంది. ఆగుదామని అభిషేక్ ఎంత మొత్తుకున్నా ఆగలేదంది. ఆ చావు కళ్లముందు నుంచి పోక, పోలీసులకు చెప్పేస్తానని కుర్రాడు ఫోన్‌లో అన్నాడంది. చంపుతాడని మాత్రం తనకు తెలియదంది. మాట్లాడి ఒప్పించి వస్తానన్నాడంది.

మరి అతని సంచిలో కొత్త షర్టు ఎందుకు పెట్టావని గ్లోరీ అడిగింది. మమత కొంగుతో ముఖం కప్పుకుంది.

కానిస్టేబుళ్లు ఇద్దరినీ లోపలికి తీసుకెళ్లారు. సురేశ్ మేనమామ ముందునుంచే నడిచి వెళ్లాడు. ఈరయ్య ఆ చెప్పుల చప్పుడు వైపు ముఖం తిప్పి, మళ్లీ దించుకున్నాడు.

గదిలో ముగ్గురు మిగిలారు. చెన్నమ్మ లేచి ఈరయ్య ముందుకు వచ్చి నిలబడింది.

"అంగీ మారిందని నీకు ఆ దినమే ఎర్కనా?"

ఈరయ్యకు ఆమె ఎవరో గొంతును బట్టి తెలియదు. అయినా ఎవరో అర్థమైంది.

"ఎర్కనే."

"మరి పోలీసులు అడిగిన దినం ఎందుకు చెప్పలే?"

ఆయన కర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆరేండ్లసంది వాని కూడు తింటున్న అమ్మా. అడిగితె ఏం బయటపడ్తదో అని భయమైంది. అంగీ గురించి నన్నెవరు అడగలే. అడగలే గదా అని నాకు నేను చెప్పుకున్న."

చెన్నమ్మ తిట్టలేదు. కొంగు సర్దుకుని, ఆటో దొరికే టైము దాటుతుందని గ్లోరీకి చెప్పి బయటికి వెళ్లిపోయింది.

గ్లోరీ కొత్త కాగితం తీసుకుంది. మెట్రోలో ఆయన చెప్పిందంతా రాసింది. చెన్నమ్మకు ఇచ్చిన జవాబు దగ్గర పెన్ను ఆగింది. అది రాస్తే కోర్టులో సురేశ్ వకీలు ఈ ముసలాయన్ని చీల్చి చెండాడతాడు. రాయకపోతే అది వాంగ్మూలమే కాదు.

రాసింది. చదివి వినిపించింది. ఈరయ్య కాదనలేదు. ఆయన బొటనవేలికి సిరా పూసి, కాగితం మీద చోటు చూపించి ఆమే నొక్కించింది.

తర్వాత ఇంటికి ఎవరు తీసుకెళ్తారని అడిగింది. ఆ ఇంట్లో ఇక ఎవరూ లేరు. ఆ సంగతి అడిగాకగాని ఆమెకు గుర్తు రాలేదు.

"తాళం చెవి మమత కాడనే ఉన్నది" అన్నాడు ఈరయ్య.