అరచేతంత మసి

"గోడ మీది ఈ రాతి జంటని చూడండి! వేల ఏళ్ళు గడిచినా వీళ్ళ అలక తీరలేదు. అందుకే ఆవిడ మొహం అటు తిప్పుకుంది."

గైడ్ పిల్ల ఈ మాట అనగానే టూరిస్టులంతా ఫోన్లు పైకెత్తారు. బౌద్ధ భిక్షువుల కోసం కొండని తొలిచి కట్టిన ఆ చైత్య గుహలో, స్తూపం కన్నా ఆమె చెప్పే అలక కథకే గిరాకీ ఎక్కువ.

"అలకా లేదు, పాడూ లేదండీ," అని పరంజా మీద నుంచి ఎవరో అన్నారు. "ముక్కు విరిగి ఆవిడ మొహం అలా కనిపిస్తోంది. అంతే."

టూరిస్టులు గొల్లున నవ్వారు. గైడ్‌కి ఒళ్ళు మండిపోయింది. తలెత్తి చూస్తే చేతిలో మెత్తటి బ్రష్షూ, జుట్టు నిండా దుమ్మూ ఉన్న కుర్రవాడొకడు గోడకు అతుక్కుని కూర్చున్నాడు. శిల్పాలకు పట్టిన మసి వదిలించడానికి ఆ వారమే వచ్చాడు. వాచ్‌మన్లు అప్పుడే 'రాతి డాక్టర్' అని పేరు కూడా పెట్టేశారు.

"మీ పేషెంట్ల సంగతి మీరు చూసుకోండి. మా టూరిస్టుల జోలికి రాకండి!"

"మీ గొంతుకి నా పేషెంట్లు ఉలిక్కిపడుతున్నారండీ."

అలా మొదలైంది. మర్నాటి నుంచి ఆమె కావాలనే ఆ జంట ముందు ఎక్కువసేపు నిలబడేది. అతను కావాలనే దగ్గేవాడు. వానలు పడి టూరిస్టులు పలచబడ్డాక, కథ చెప్పడానికి ఎవరూ లేక, పరంజా కింద కూర్చుని అతని పని చూడసాగింది. రాతికి తెల్లటి ముద్ద పట్టించడం, ఆరనివ్వడం, తడి స్పాంజితో తీయడం. రుద్దకూడదు, అద్దాలి. ఒకరోజు మసి కింద నుంచి శిల్పంలో ఆవిడ చెయ్యి బయటపడింది. అది పక్కనున్న మగవాడి భుజం మీద ఉంది.

"చూశారా? అలగలేదు," అన్నాడతను మెల్లగా.

"సరే, ఒప్పుకున్నా. కానీ అలిగిందనే చెబుతా. ఆఖర్న భుజం మీద చెయ్యి వేసిందని చెబుతా. సూపర్ ఎండింగ్!"

అతను నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె గుండె ఝల్లుమంది. ఆ రోజు నుంచి కూతురు మరీ పెందలాడే పనికి బయల్దేరడం, కింద టికెట్ కిటికీలో కూర్చునే ఆమె నాన్న గమనించాడు.

ఇన్‌స్పెక్షన్ రోజు వచ్చింది. పురావస్తు శాఖ ఆఫీసర్ మేడమ్ చూసి సరే అంటేనే పక్క గుహ పని కూడా అతనికి ఇస్తారు. కాదంటే అతను సామాను సర్దుకుని వెళ్ళిపోవాల్సిందే. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చిన గైడ్‌కి ఆ జంట పాదాల పక్కన అరచేతంత మసి కనిపించింది. మిగతా గోడంతా శుభ్రం, అది మాత్రం నల్లగా, చదరంగా ఉంది.

'అయ్యో, మర్చిపోయాడు! మేడమ్ కంటపడితే కొంప మునిగినట్టే!'

చొక్కా చేతులు మడుచుకుంది. ముద్ద పట్టించింది. ఆరేదాకా కాపలా కాసింది. స్పాంజితో అద్దింది, రుద్దలేదు.

అతను వచ్చి గోడ చూసి అక్కడే చతికిలబడ్డాడు. "ఎవరు చేశారిది?"

"నేనే! థాంక్స్ తర్వాత చెబుదురుగాని."

"మర్చిపోయింది కాదండీ అది, కావాలని వదిలింది. ముందు గోడ ఎలా ఉండేదో తర్వాతి వాళ్ళకి తెలియాలని ప్రతి గోడకీ అంత మసి సాక్ష్యంగా ఉంచుతాం. మేడమ్ మొదట చూసేది అదే."

ఆమె చేతిలోని స్పాంజిని వెనక్కి దాచేసింది.

మేడమ్ రానే వచ్చారు. గోడంతా కలయజూసి, "సాక్ష్యం ఏదీ?" అన్నారు.

"పొరపాటు నాదే మేడమ్..." అని అతను మొదలుపెట్టేలోపే గైడ్ ముందుకొచ్చింది.

"నేను తుడిచేశాను మేడమ్! మీరు ఆయన్ని తిడతారేమోనని. తిట్టేదేదో నన్ను తిట్టండి. ఆయన్ని మాత్రం పంపించెయ్యకండి!"

ఆ చివరి మాట గుహంతా మారుమోగి, స్తూపం వెనకదాకా వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "ఒక్క గీత కూడా పడలేదే! నేర్పినవాడు బాగానే నేర్పాడు. పాత ఫోటోలున్నాయి కాబట్టి ఈసారికి సరిపెడుతున్నా. పక్క గుహ మొదలుపెట్టు బాబూ. అక్కడా సాక్ష్యం పోయిందో, ఇద్దర్నీ కలిపి పంపించేస్తా." ఆవిడ నవ్వు దాచుకోలేదు.

మేడమ్ వెళ్ళేసరికి వాన అందుకుంది. ఇద్దరూ గుహ గుమ్మంలో నిలబడిపోయారు.

"సారీ," అందామె.

"నాక్కూడా అలాంటి చదరం ఒకటి ఉండేదండీ," అన్నాడతను వానని చూస్తూ. "నాకు మనుషులతో మాట్లాడటం రాదు. రాళ్ళతోనే కాలక్షేపం. ఆ ఒంటరితనంలో కాస్తయినా మిగుల్చుకుందామనుకున్నా. మీరు అదీ తుడిచేశారు. మీరు రాకముందు నేనెలా ఉండేవాణ్ణో నాకే గుర్తులేదు."

"అంటే?"

"అంటే... మీరంటే నాకిష్టం."

వినపడింది. అయినా, "గట్టిగా చెప్పు, వాన చప్పుడు," అంది.

అతను గట్టిగానే చెప్పాడు. గుహ ఇంకా గట్టిగా చెప్పింది. కూతురి కోసం గొడుగు పట్టుకుని మెట్లెక్కి వస్తున్న నాన్న ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, గొడుగు కూతురి చేతిలో పెట్టాడు.

"తల్లీ, ఈ అబ్బాయి గుహలోకి ఎలాగూ టికెట్ లేకుండానే వస్తున్నాడు. సాయంత్రం మనింటికి కూడా అలాగే రమ్మను."