సీసాలో మందు ఎవరిది?

గురువారం మధ్యాహ్నం ప్రైవేటు డిటెక్టివ్ డెస్పినా కలూడిస్ ఆఫీసులోకి ఒకావిడ తెల్లకోటు కూడా విప్పకుండా పరుగున వచ్చింది. పేరు ఇలోనా బ్రాస్క్. టార్పన్ స్ప్రింగ్స్ ఊళ్ళో పాతికేళ్ళుగా మందులు తయారుచేసి ఇచ్చే ఫార్మసీ ఆమెది.

"నేను మనిషిని చంపబోయానంటున్నారండీ," అంది. "రేపు పొద్దున దుకాణానికి తాళం వేస్తారట."

డెస్పినా నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగి విషయం రాబట్టింది. హార్లన్ వాస్‌బర్గ్ చేపల వేటకి పడవలు నడిపే మనిషి. అరవై దాటాడు. ఒంట్లో గ్రోత్ హార్మోన్ తనంతట తానే ఊరేలా చేసే పెప్టైడ్ సూదిమందు, ఒంట్లో సత్తువుంటుందని, నిద్ర బాగా పడుతుందని ఏడాదిగా వాడుతున్నాడు. క్లినిక్ చీటీ రాస్తే ఇలోనా ఆ మందును పొడిరూపంలో సీసాకెత్తి క్లినిక్‌కే పంపుతుంది. అతను అక్కడ తీసుకుని, ఇంట్లో నీళ్ళు కలిపి, పడుకునే ముందు పొట్టకి పొడుచుకుంటాడు. సోమవారం కొత్త సీసా మొదలుపెట్టాడు. మంగళవారం తెల్లారి భార్య ఎంత కుదిపినా లేవలేదు. ఒంట్లో చక్కెర అడుగంటిపోయింది. ప్రాణం దక్కింది గాని మాట ఇంకా రాలేదు. సీసాలో మిగిలినదాన్ని పరీక్షిస్తే ఇన్సులిన్ అని తేలింది.

"సీసా మీద లేబుల్ నాదే. కానీ మా దుకాణంలో ఇన్సులిన్ చుక్క కూడా ఉండదండీ!"

"పదండి, చూద్దాం," అంది డెస్పినా.

ఆమె సహాయకుడు వెండెల్ ప్రూయిట్ ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. తను చూసిందే ఆమె కూడా చూస్తుంది, కానీ ఆమెకి మాత్రమే ఏదో కనబడుతుంది. అది అతనికి ఎప్పటికీ ఆశ్చర్యమే. ఫార్మసీ అరల్లో వరసగా ఆకుపచ్చ మూతల సీసాలు. డెస్పినా ఒకటి తీసి చూసింది.

"అన్నిటికీ ఇదే మూతా?"

"మొదట్నుంచీ ఇదే. నాకు రెండో రకం తెలీదు."

వాస్‌బర్గ్ ఇంట్లో హార్లన్ భార్య మెరిల్, తమ్ముడు లైల్ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. లైల్‌కి మధుమేహం. జేబులో ఇన్సులిన్ లేకుండా గడప దాటడు.

"సోమవారం భోజనానికి వచ్చాడు," అంది మెరిల్. "వాళ్ళన్నయ్య పోతే పడవలన్నీ ఎవరివో అడగండి."

"చాల్లే వదినా! విడాకులకి లాయర్ని చూసుకున్నది నేనా, నువ్వా?"

మెరిల్ ముఖం పాలిపోయింది. డెస్పినా ఇద్దరి మాటా పట్టించుకోనట్టే, "మందు పెట్టె ఎవరు తెరిచారు?" అనడిగింది.

"నేనే. లైల్ వెళ్ళాక. చుట్టూ టేపు గట్టిగా అతికించి ఉంటే కత్తెరతో కోసి ఇచ్చాను. ఆయన నా ముందే నీళ్ళు కలుపుకున్నాడు."

వాడేసిన సూదులు, సీసాల మూతలు వేసే పాత సబ్బుడబ్బా స్నానాలగదిలో ఉంది. డెస్పినా దాన్ని కాగితం మీద మెల్లగా వంచింది. మొదట సూదులతో పాటు ఒక ఎర్ర మూత జారింది. అడుగునుంచి ఆకుపచ్చ మూతలు పదకొండు వచ్చాయి.

క్లినిక్ నడిపే కార్బిన్ స్ట్రౌడ్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "మా చేతిలో ఏముందండీ? పెట్టె వచ్చినట్టే పేషెంటుకి ఇచ్చేస్తాం. విప్పి కూడా చూడం. అసలు గట్టిగా అడగాల్సింది హార్లన్ తమ్ముణ్ణి."

"సాయంత్రం ఆరింటికి అందరం ఇక్కడే కూర్చుందాం," అంది డెస్పినా. "పోలీసులు కూడా వస్తారు."

ఆరింటికి అందరూ వచ్చారు. ఎవరి కుర్చీ వాళ్ళు దూరంగా జరుపుకుని కూర్చున్నారు.

"హార్లన్‌ని చంపాలని ఇక్కడ ఎవరికీ లేదు," అని మొదలుపెట్టింది డెస్పినా. లైల్ తలెత్తాడు. "లైల్, నువ్వు వెళ్ళేటప్పటికి పెట్టెకి టేపు అలాగే ఉంది. అంటే నువ్వు సీసా ముట్టుకోలేదు. మెరిల్, ఇన్సులిన్ నువ్వే కలిపితే ఆ సీసా మూత ఆకుపచ్చగానే ఉండాలి. ఎర్ర మూత డబ్బాలో పైన ఉంది, అంటే సోమవారం తీసిందే. ఆ సీసా ఇలోనా దుకాణంలో పుట్టింది కాదు. లేబుల్ మాత్రం ఆమెది. ఒక సీసా మీద ఊడదీసి ఇంకో సీసాకి అంటించారు. దుకాణం దాటాక, మెరిల్ టేపు కోయకముందు, ఆ పెట్టె ఎవరి దగ్గరుంది?"

అందరి కళ్ళూ స్ట్రౌడ్ మీదికి తిరిగాయి.

"అసలు సీసాలు వేరేచోట ఎక్కువ ధరకి అమ్ముకున్నావు. బదులుగా ఇంటర్నెట్‌లో ఊరూపేరూ లేనివి తెప్పించి పెట్టావు. వాటిలో ఏముందో నీకూ తెలీదు. తెలిశాక నోరు మూసుకున్నావు, పైగా అతని తమ్ముడి మీదికి తోశావు."

స్ట్రౌడ్ పెదవి తడుపుకున్నాడు. "లాయరు వచ్చాక మాట్లాడతాను."

"నీ లాయరు వచ్చేదాకా మీ పేషెంట్లు పడుకోకుండా కూర్చుంటారా? ఎర్ర మూతలు ఇంకెన్ని ఇళ్ళకి వెళ్ళాయి?"

అప్పుడుగాని వెండెల్‌కి అసలు సంగతి తట్టలేదు. పాత సీసా అయిపోయినవాళ్ళు ఒక్కొక్కరే కొత్తది తెరుస్తారు. హార్లన్ వంతు ముందొచ్చిందంతే.

లైల్ లేచి స్ట్రౌడ్ కాలరు పట్టుకున్నాడు. పోలీసు అధికారి విడిపించేలోపే స్ట్రౌడ్ గొంతులోంచి మాట ఊడిపడింది. "ఏడు!"

ఆ ఏడుగురి జాబితా బల్లమీదికి వచ్చింది. తలా ఒక పేరు పంచుకుని ఫోన్లు కలిపారు. మెరిల్, లైల్ ఒకే కాగితం మీదికి వంగి నంబర్లు చూశారు. ఆరుగురు దొరికారు. ఏడో పేరు ఓపల్ రెన్‌ఫ్రో, డెబ్భై ఒక్కేళ్ళు, నృత్యం నేర్పే టీచరు. ఆవిడ ఫోను ఎత్తకపోయేసరికి, చిరునామా చూసుకుని లైల్ కారు తాళాలు తీసుకుని పరుగెత్తాడు. వెండెల్ చేస్తూనే ఉన్నాడు. నాలుగోసారి ఎత్తింది.

"ఏమిటయ్యా ఈ మోత? నేను పెందలాడే పడుకునే మనిషిని. ఇప్పుడే సూది చేతిలోకి తీసుకున్నా."

"పొడుచుకున్నారా అమ్మా?"

"ఇంకా లేదు. పొట్ట దగ్గర చర్మం పట్టుకున్నా. ఏం?"

"అది కింద పెట్టేయండి. మీకు పుణ్యముంటుంది, పెట్టేసి ఆ గదిలోంచి బయటికి రండి."

ఫోనులో బల్లమీద ఏదో పెట్టిన చప్పుడు.

"పెట్టేశా. మరి నాకు నిద్రెలా పడుతుంది?"

వెండెల్ ఆవిణ్ణి ఏవేవో మాట్లాడిస్తూ ఫోను పట్టుకునే ఉన్నాడు, లైల్ ఆవిడ తలుపు తట్టేదాకా.