నీడకు బెదరని పిల్లలు

మేత గంట మోగకముందే నూకరత్నం ఉష్ణమాపిని చూసింది. ఇరవై ఏడు. ఫరవాలేదు. తొట్టిలోని నాచు గుబుర్లలో అరవై పిరానా పిల్లలున్నాయి, ఒక్కొక్కటీ వేలిగోరంత. తోక కొరికించుకున్న రెండింటిని చిన్న వలతో పట్టి పక్క అరలో వేసింది. మేత ఒక్క గంట ఆలస్యమైతే పెద్దవి చిన్నవాటిని నమిలేస్తాయి. అందుకే రోజుకు ఆరు మేతలు, వారానికోసారి సైజుల వారీగా ఏరివేత.

మూడో గట్టు మీద నలభై ఇళ్ళకూ ఇదే చాకిరీ. పెంచినవాటిని జలపాలన వాళ్ళు పట్టుకెళ్ళి, ఏరు మింగిన దిగువపేటలో వదులుతారు. అక్కడి కుళ్ళు తింటాయని చెప్పారు. ఈ విడత విడుదలకు ఇంకా తొమ్మిది రోజులుంది.

తొట్టి మీది నిఘా కన్ను వెలిగింది. “గంధగొట్టం అమర్చండి. మూత తీయకండి,” అంది అందులోంచి జలపాలన పర్యవేక్షిణి, ఎప్పటిలాగే మర్యాదగా.

ప్రతి మేతకూ ముందు ఒక చుక్క వాసన, వెంటనే మాంసం పొడి. ఏ వాసనొస్తే తిండి వస్తుందో పిల్లలు నేర్చుకుంటాయి. ఎంత నేర్చాయో కన్ను లెక్కగడుతుంది, దాన్నే నేర్పుమానం అంటారు. కొత్త గొట్టాలు వచ్చి నాలుగు రోజులైంది. జలపాలన వారికి తెలియనిదంటూ లేదు గానీ, ఏరొడ్డు ఆడవాళ్ళ అలవాటొకటి వాళ్ళ బుర్రకెక్కలేదు. చేపలమ్మిన తల్లి పెంపకం మరి, వాసన చూడకుండా నూకరత్నం ఏ మేతా వేయదు. ఈ నాలుగు రోజులూ జలుబుతో మూసుకుపోయిన ముక్కు ఈ పొద్దున్నే తెరుచుకుంది.

కంటికి వీపు తిప్పి మూత వదులు చేసింది. కానుగ నూనె. పసుపు. వాటి వెనక మగమనిషి చెమట.

పదకొండేళ్ళుగా ఆ వాసన పక్కనే నిద్రపోతోంది. అనుమతి లేకుండా దిగువపేటలో మునిగి రాగి తీగలు తెచ్చే మునకవాళ్ళు, చలికి ఒంటినిండా పట్టించే నూనె అది. ఆమె మొగుడు పైడయ్య వాళ్ళలో ఒకడు.

అబ్బే, అయ్యుండదులే అని తనకు తాను సర్దిచెప్పుకుంటుండగానే పైడయ్య నూనె ఓడుతూ లోపలికొచ్చి తొట్టి మీదికి వంగాడు. పిరానా పిల్లలంత పిరికివి ఇంకేవీ ఉండవు. నీడ పడితే చాలు, నాచులో దూరిపోతాయి. ఈసారి దూరలేదు. అన్నీ పైకొచ్చి అతని నీడలో గుమిగూడాయి. నూనె చుక్క పడ్డచోట నీళ్ళు తుకతుకలాడాయి.

“సూడే, నన్నెలాగ గురుతు పట్టేత్తన్నాయో!” అని నవ్వుతూ వేలు ముంచబోయాడు.

“ఒద్దు మావా!” మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. గొట్టం అతని ముక్కు కింద పెట్టింది.

పైడయ్య నవ్వు ఆగిపోయింది. “ఇది మా నూనే కదే!”

“మునక మానెయ్ మావా,” గుసగుసగా అంది.

“నానొక్కణ్ణి మానేత్తే సరిపోద్దా? ఇరవై మందిమి దిగుతన్నాం. నూనె మానేసినా, ఇన్నేళ్ళ వాసన ఒంట్లోంచి పోద్దేటి?”

“ఆలస్యమవుతోంది. చుక్క వేయండి,” అంది పర్యవేక్షిణి.

మాట వినకపోతే తొట్టి పట్టుకుపోతారు. దాంతోపాటే ఇంటికొచ్చే మంచినీళ్ళూ ఆపేస్తారు. నూకరత్నం గొట్టం అమర్చింది. చుక్క పడింది. పిల్లలు ఆబగా పైకి లేచాయి.

ఆమె పొడి చల్లలేదు. వల తీసి నీళ్ళలో టపటపా కొట్టింది. ఆ వలంటే వాటికి ప్రాణభయం. ఇక ఆ వాసనొస్తే వాటికి తిండి కాదు, వల గుర్తుకు రావాలి. అన్నీ నాచులోకి ఉరికాయి. వాసన పూర్తిగా విరిగాకే మేత వేసింది.

“పిల్లలు బెదురుతున్నాయి. కారణం చెప్పండి.”

“ఏరుతన్నానమ్మా. సైజులు కలిసిపోనాయి.”

“ఏరివేత మంగళవారం.”

“మా ఇంట్లో ఇయ్యాలే మంగళారం.”

తర్వాత గొట్టం కొంగున దాచుకుని పెరటి గోడ దగ్గరికెళ్ళి, పక్కింటి చిలకమ్మను పిలిచింది. ఆమె కొడుకూ మునకవాడే. నూకరత్నం మూత తీసి ముక్కుకు అందించింది. చిలకమ్మ ఒకసారి పీల్చి, నూకరత్నం వల కొట్టే తీరు చేత్తో చూపగానే లోపలికి పరుగెత్తింది.

రెండో మేతకు చుక్క పడగానే నూకరత్నం వల ఎత్తింది. గోడ అవతల కూడా టపటపా మొదలైంది. కాసేపటికి దాని అవతలి ఇంట్లో. ఆ పైన ఇంకో ఇంట్లో.

కన్ను ఎర్రబడింది. “మూడో గట్టు మీద నేర్పుమానం పడిపోతోంది. కారణం చెప్పు.”

ఆ గొంతులో మర్యాద తప్పింది. నూకరత్నం వల మళ్ళీ నీళ్ళలో ముంచింది.