తోళ్ల మాళిగలో పద్నాలుగు కాల్స్

పదకొండు నలభై.

తోళ్ల గోడౌన్‌లో నేలమాళిగ తలుపు గడియ తీసిన ఉప్పావిడకు, అంటే తోళ్లకు ఉప్పు పట్టించే పనిమనిషికి, ముందుగా కనిపించింది యజమాని చెయ్యి. పైమెట్టు మీద తెరుచుకుని ఉంది. దాని వెనకాల మనిషి. గోళ్ల సందుల్లో తలుపు చెక్క పేళ్లు. పెదాలు నల్లగా కమిలిపోయాయి.

రెండో చేతిలో ఫోన్. ఇంకా పట్టు వదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి పన్నెండు అయిదు. నలభై అయిదేళ్ల ఆవిడ. గొడ్లచావిడి పక్కన పుట్టి పెరిగింది. వెంట వచ్చిన కానిస్టేబుల్ మాత్రం గుమ్మంలోనే కడుపు పట్టుకున్నాడు. పచ్చితోళ్లు, ఉప్పునీళ్లు, కుళ్లిన కొవ్వు. పీల్చిన గాలి నాలుక మీద జిడ్డులా కూర్చుంటోంది.

"బాబోయ్, కంపు మేడమ్!"

"తోలు కంపుకేం? ఉప్పేస్తే ఊరుకుంటుంది. పద లోపలికి."

పదమూడు మెట్లు దిగితే మాళిగ. కిటికీ అనేది లేదు. గోడలు మూరెడు మందం. నడుమెత్తున పేర్చిన తోళ్లు. మూలన వైఫై పెట్టె, దాని పచ్చదీపం మినుకుమినుకుమంటోంది.

యజమానికి ఉబ్బసం. జేబులో ఇన్‌హేలర్ ఉంది. ఇన్‌స్పెక్టర్ నొక్కి చూసింది. ఖాళీ.

తర్వాత ఫోన్. అద్దం పగిలిన పాత ఫోన్, ఊడిపోకుండా రబ్బర్ బ్యాండ్ వేసి ఉంది. టవర్ గీతలు లేవు. వైఫై గీతలు మాత్రం నిండుగా ఉన్నాయి.

కాల్స్ జాబితా తెరిచింది. 10.25కి మేనల్లుడితో నలభై సెకన్లు మాట్లాడాడు. 10.48 నుంచి 11.06 దాకా మరో పద్నాలుగు సార్లు ప్రయత్నించాడు. ఒక్కటీ కలవలేదు.

ఆ పద్నాలుగూ ఎవరికో చూసింది. మొహం చిట్లించింది. ఫోన్‌ను కవర్లో వేసింది.

మేనల్లుడు పైన, మాళిగ తలుపు తెరుచుకునే ఆఫీసు గదిలో ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా. ముక్కు దగ్గర సెంటు కొట్టిన రుమాలు.

"మీ మామయ్య నీతో ఏం మాట్లాడారు?"

"మాళిగలోంచి చేశారు మేడమ్. పని మానెయ్యమంటే ఉప్పావిడ మీదమీదకొస్తోందన్నారు. అంతలో కట్టయింది."

"మాళిగలో టవర్ అందదుగా?"

"వైఫై కాలింగ్ ఉందిగా! మామయ్య రోజూ అక్కణ్ణుంచే మాట్లాడతారు. ఎవర్నడిగినా చెప్తారు."

"మరి తర్వాత చేసినవి ఎందుకు కలవలేదు?"

"వైఫై పోయుంటుంది. దానిదేముంది, వస్తుంది, పోతుంది."

"నువ్వెక్కడున్నావ్?"

"ఇంట్లో. మీవాళ్లు కబురు చేసేదాకా గుమ్మం దాటలేదు."

అప్పుడే శవాన్ని అటు మోసుకొస్తున్నారు. దుప్పటి అంచు చొక్కాకు తగలకుండా అతను గోడకు అతుక్కుపోయాడు. అది దాటిపోగానే గొంతు తగ్గించి అడిగాడు.

"గోడౌన్‌కి సీలేస్తారా మేడమ్? స్థలం చూడ్డానికి సాయంత్రం మనుషులొస్తున్నారు. ఎన్నాళ్లని భరిస్తాం ఈ కంపు? ఆయనున్నన్నాళ్లూ అమ్మనివ్వలేదు."

ఆ సెంటు వాసనకి ఇన్‌స్పెక్టర్ ఒకడుగు వెనక్కేసింది.

ఉప్పావిడకు అరవై ఏళ్లుంటాయి. ఎడంచేతికి కొత్త కట్టు. వేళ్లు ఉప్పుకి పగిలి, ఎండిన మడిలా ఉన్నాయి.

"గడియ పెట్టిందెవరమ్మా?"

"నేనే తల్లీ. పదీ పదికి పైకొచ్చి పెట్టా. లోపల పురుగు కూడా లేదు. అయ్యగారు ఇదిగో, ఈ కుర్చీలోనే ఉన్నారు. కత్తికి చెయ్యి తెగిందని ఆసుపత్రికి పొమ్మన్నారు."

"పని మానెయ్యమన్నారటగా?"

"నన్నా? ముప్పై ఏళ్లలో ఒక్కనాడు ఆ మాట అన్లేదమ్మా."

ఆసుపత్రి చీటీ మీద 10.40 అని ఉంది. నడక పది నిమిషాలు.

"పదీ పదికి బయల్దేరితే ఇంతసేపా?"

"బల్ల మీద కూర్చోబెట్టారు. పిలిచాకే చీటీ రాశారు."

"మరి ఆ పాత ఫోనెక్కడిది?"

"నేనిచ్చిందే. నిన్న సాయంత్రం అయ్యగారి ఫోను ఉప్పునీళ్ల తొట్లో పడింది. మా మనవరాలు వాడి పారేసిందుంటే తెచ్చిచ్చా. సిమ్ము ఆయనే మార్చుకున్నారు. వైఫై గీతలు చూసి, ఇంక ఫర్లేదు, కిందకెళ్లినా మాట్లాడొచ్చన్నారు."

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికి చెప్తాం తల్లీ, ఇదేమన్నా పెళ్లికబురా?" అంది. అంతలోనే ఆమె చెయ్యి పట్టుకుంది. "నన్ను పట్టుకెళ్లకమ్మా. ఆ పిల్లకి నేను తప్ప దిక్కులేదు."

కానిస్టేబుల్ పక్కకు వచ్చి గొణిగాడు. "పదీ ఇరవయ్యయిదుకి మాళిగలో గొడవ. పదిన్నరకి గడియ. పదీ నలభైకి ఆసుపత్రి. అతికినట్టు సరిపోయింది మేడమ్. జీపెక్కించనా?"

"అతికించిందెవరో చూద్దాం. ముందు కిందకి రా."

మాళిగలో తన ఫోన్‌కు ఆ వైఫై తగిలించి స్టేషన్‌కు కాల్ చేసింది. మోగింది. మాట్లాడింది.

"ఇప్పుడు నీది."

కానిస్టేబుల్ నొక్కాడు. కలవలేదు. మళ్లీ నొక్కాడు. ఊహూఁ.

"వైఫై నిండుగా ఉంది మేడమ్. పైగా మీదీ నాదీ ఒకే కంపెనీ సిమ్ము!"

సిమ్ములు అటూ ఇటూ మార్చి చూశారు. ఎవరి సిమ్ము పెట్టినా ఆమె ఫోన్ పలికింది. అతని ఫోన్ పలకలేదు. చేతికి తొడుగు వేసుకుని చనిపోయినాయన ఫోన్ నొక్కింది. అదీ మూగదే.

వైఫై పెట్టె రికార్డు తీయించింది. పొద్దుటి నుంచి ఒక్క సెకను కూడా పోలేదు.

2.10కి చనిపోయినాయన సిమ్ము కంపెనీ ఇంజినీర్ లైన్లోకి వచ్చాడు.

"వైఫై ఉంటే చాలదా బాబూ?"

"వైఫై దారి మాత్రమే మేడమ్. దారి చివర మా గేటుంటుంది. ఫోన్‌కి ఆ గేటు తట్టడం తెలియాలి, అంటే లోపల ఆ సాఫ్ట్‌వేర్ ఉండాలి. ఇటు కంపెనీ కూడా గేటు పెట్టుండాలి, ఇంకా పెట్టని కంపెనీలున్నాయి. ఇవి రెండూ ఉన్నా, ఆ మోడల్‌ని మేం పరీక్షించి జాబితాలో రాసుకునుండాలి. వేరే కంపెనీ కోసం చేసిన ఫోన్ తెచ్చి మా సిమ్మేస్తే, మావాడు గేటు తియ్యకపోవచ్చు."

"యాప్‌లో మాట్లాడుకుంటారుగా మరి?"

"అది వేరే. యాప్‌కి మా గేటుతో పనిలేదు."

చనిపోయినాయన ఫోన్‌లో అలాంటి యాప్ ఒక్కటీ లేదు. మోడల్ నంబర్ చదివి వినిపించింది. అటు కీబోర్డు చప్పుడు.

"మా జాబితాలో లేదు మేడమ్. ఈ నంబర్‌కి నిన్నటిదాకా వేరే ఫోన్ ఉంది, దాన్నుంచి రోజూ వైఫై మీద కాల్స్ వెళ్లేవి. నిన్న సాయంత్రం నుంచి ఒక్కటీ లేదు."

"ఇవాళ పదీ ఇరవయ్యయిదు కాల్?"

"టవర్ మీద వెళ్లింది."

ఇన్‌స్పెక్టర్ ఖాళీ ఇన్‌హేలర్ వైపు చూసింది. ఆయాసంతో ఉన్న మనిషి నలభై సెకన్లలో ఏమడుగుతాడు?

జీపు మేనల్లుడి వీధి వైపు తిప్పించింది.

సాయంత్రం నాలుగింటికి ఆఫీసు గదిలో నలుగురిని కూర్చోబెట్టింది. మేనల్లుడు, ఉప్పావిడ, కానిస్టేబుల్, మందుల షాపాయన. షాపాయన్ను చూడగానే మేనల్లుడి రుమాలు ముక్కు మీది నుంచి నుదుటికెక్కింది.

"మామయ్య మాళిగలోంచి చేశారన్నావు."

"అవును మేడమ్. వైఫై..."

"ఆ ఫోన్‌కి వైఫై కాలింగ్ రాదు. నిన్ననే ఫోన్ మారింది. నీ తెర మీద పాత నంబరే పడింది కాబట్టి నీకు తెలీలేదు. పదీ ఇరవయ్యయిదుకి ఆయన పైనే, ఈ కుర్చీలోనే ఉన్నాడు. చచ్చిపోయింది మాళిగలోనని నీ కథలో కాల్ కూడా మాళిగలోంచే చేయించావు."

"కాల్స్ గురించి నాకేం తెలుసు? ఏదో..."

"పదీ ఇరవయ్యయిదు కాల్ పోయి, పదీ నలభై ఎనిమిది కాల్ పోలేదు. మధ్యలో వైఫై మారలేదు, ఫోన్ మారలేదు, సిమ్ము మారలేదు. మారింది మనిషున్న చోటు. మధ్యలో ఎవరు దించారు?"

మేనల్లుడు గుమ్మం వైపు చూశాడు.

"మీరు చెప్పండి," అంది షాపాయనతో.

"పదీ ముప్పై మూడుకి ఇన్‌హేలర్ కొన్నాడమ్మా. మామయ్యకి ఆయాసంగా ఉందట, తొందరన్నాడు. పాపం అనుకుని ముందతనికే ఇచ్చా." షాపాయన మేనల్లుడి వైపు వేలు చూపించాడు. "పదకొండూ ఇరవైకి మళ్లీ వచ్చాడు. వాడలేదు, సీలు కూడా విప్పలేదు, వాపసు తీసుకోమన్నాడు. మందులు వెనక్కి తీసుకోనన్నాను."



కానిస్టేబుల్ మేనల్లుడి బండి డిక్కీలోంచి తెచ్చిన ఇన్‌హేలర్ డబ్బా బల్ల మీద పెట్టాడు. సీలు మెరుస్తోంది. తోళ్ల కంపుకి కడుపు పట్టుకున్న కుర్రాడు, ఇప్పుడు బయటకు పరిగెత్తి కాలువలో కక్కుకున్నాడు.

"మందు తెచ్చావు," అంది ఇన్‌స్పెక్టర్. "చూపించి, కింద సరుకు చూద్దాం రమ్మన్నావు. ఆయన ముందు దిగాడు. నువ్వు దిగలేదు. అవతల మనిషి తలుపు గీరుతుంటే వింటూ నిలబడ్డావు. చప్పుడు ఆగాక, చేతిలో ఉన్న మందు దండగైందని బాధపడ్డావు."

"తలుపు దానంతటదే..."

"గడియ దానంతటది పడదురా."

సెంటు వాసన గొంతుకు అడ్డం పడింది ఆమెకు. లేచి మాళిగ తలుపు బార్లా తెరిచింది. తోళ్ల కంపు గదినిండా వచ్చింది. గుండెలనిండా పీల్చుకుంది.

ఉప్పావిడ కళ్లు తుడుచుకుంది. "పొద్దుటి తోళ్లకి ఉప్పు పడలేదు తల్లీ. పాడైపోతాయి. పోనా?"

"వెళ్లమ్మా. చెయ్యి జాగ్రత్త."

ఆవిడ మెట్లు దిగింది. ఇన్‌స్పెక్టర్ కవర్లో ఉన్న ఫోన్‌ను మేనల్లుడి ముందుకు జరిపింది.

"పద్నాలుగు సార్లు చేశాడు. పోలీసులకి కాదు, ఆసుపత్రికి కాదు. గడియ పొరపాటున పడిందనుకున్నాడు. చదువు."

అతను చూసి తల తిప్పుకున్నాడు.

"పైకి చదువు."

"మా అల్లుడు."

"కిందిది?"

"మా అల్లుడు."

"ఊఁ."

"మా అల్లుడు... మా అల్లుడు..."

అయిదోదాని దగ్గర ఆగిపోయాడు. బేడీలు పట్టుకుని కానిస్టేబుల్ మళ్లీ లోపలికొచ్చాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపింది.

"ఇంకా పది ఉన్నాయి. చదవనీ."