మయామీకి పాస్‌పోర్టు అక్కర్లేదు

"ఈ మధ్యాహ్నం మయామీ విమానంలో ఒక హంతకుడు ఎక్కుతున్నాడు," అంది మిస్ ఒట్లీ, మరిగే నూనెలోంచి ఉప్పుచేప కూరిన పాటే కజ్జికాయని చిల్లుల గరిటెతో పైకి తీస్తూ. "వాడి పేరు తెలీదు. మొహం తెలీదు. ఎవర్ని చంపడానికి వెళ్తున్నాడో మాత్రం తెలుసు."

"ఎవర్ని?"

"ఇల్జెని."

ఎల్డ్రెడ్ మార్ష్ చేతిలోని పాటేని కింద పెట్టేశాడు. ఆకలి చచ్చిపోయింది.

అమెరికా ఏలే కరీబియన్ దీవి సెంట్ థామస్‌లో, ఎయిర్‌పోర్టు రోడ్డులో ఆవిడ పాటేల బండి తెలియనివాళ్ళు లేరు. తిట్టకుండా చిల్లర ఇవ్వని ముసలావిడగా మిస్ ఒట్లీ దీవి మొత్తానికీ పరిచయమే. ఆవిడ వాషింగ్టన్‌లోని గూఢచారి డిపార్ట్‌మెంటుకి ఇక్కడ స్టేషన్ చీఫ్ అని తెలిసింది మాత్రం ఇద్దరు ముగ్గురికే. వాళ్ళలో ఒకడు ఎల్డ్రెడ్. పక్క దీవి సెంట్ జాన్‌లో పుట్టినవాడు, ఆవిడ చేతికింద పనిచేసే ఏజెంటు.

ఇల్జె ఒక పరాయి దేశపు గూఢచారి ముఠాలో కోడ్‌లు రాసిన మనిషి. ఆ ముఠా పేరు ఆంబర్. పోయినేడు ఆవిడ వాళ్ళని వదిలి పారిపోయి వస్తే, ఎల్డ్రెడ్ తెరచాప పడవలో ఈ దీవుల మధ్యగా దాటించి మయామీలో ఒక ఫ్లాట్‌లో దాచాడు. దారి పొడుగునా ఆవిడ వణుకుతూనే ఉంది. "నేను బతికుండగా నీ గుమ్మం దాకా ఎవడూ రాడు," అని మాటిచ్చాడు. రేపు ఉదయం ఆవిడ జడ్జి ముందు నోరు విప్పుతుంది. విప్పితే ఆంబర్ మనుషుల్లో అమెరికాలో ఒక్కడు కూడా బయట మిగలడు.

"వాడు ఎలా వెళ్తాడట?"

"దర్జాగా టిక్కెట్టు కొనుక్కుని. నిన్న పక్కనున్న బ్రిటిష్ దీవుల వైపు నించి పడవేసుకొచ్చి ఏదో బీచిలో దిగాడు. మన ఇసక మీద కాలు పడ్డాక ఇంకేముంది? ఇక్కణ్ణుంచి మయామీ అంటే మన దేశంలోంచి మన దేశంలోకే కదా. సిటిజన్‌కి పాస్‌పోర్టు అక్కర్లేదు. ఎక్కడ పుట్టావని ఆఫీసరు అడుగుతాడు. ఇక్కడే అంటాడు. ఓ డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తాడు. పోతాడు."

"నోరు విప్పితే పట్టుబడడా? మన యాస రావాలిగా."

"యాస నేర్పించారు. మన తిట్లు, మన స్కూళ్ళు, మన కార్నివాల్ అన్నీ వల్లె వేయించారు. నేర్పింది నీ కొరలీయే. ఆ పిల్లే పొద్దున ఫోన్ చేసి చెప్పింది. బీచిలో కలుస్తుంది, వెళ్ళు." మిస్ ఒట్లీ అతని వంక ఓ చూపు చూసింది. "నవ్విందంటే కరిగిపోయే రకానివి. కాస్త గట్టిగా ఉండు."

*

రన్‌వే పక్కనే ఉన్న బీచిలో కొరలీ లెట్సమ్ పసుపుపచ్చ గౌనులో, నల్ల కళ్ళద్దాలతో నిలబడి ఉంది. ఈతకి వచ్చిన మగాళ్ళు ఈత మర్చిపోయి చూస్తున్నారు. ఆమె ఎదురుగా ఉన్న బ్రిటిష్ దీవి టోర్టోలా పిల్ల. పైకి ఆంబర్ జీతం తింటుంది, లోపల డిపార్ట్‌మెంటుకి పనిచేస్తుంది. పోయినేడు ఇల్జె వచ్చిన పడవలో ఆమె కూడా ఉంది. దారంతా ఇల్జె తల ఒళ్ళో పెట్టుకుని నిమిరింది.

"వాడి మొహం చూళ్ళేదు," అంది కొరలీ. "అంతా ఫోన్‌లోనే నేర్పాను. ఒక్కటి తెలుసు. వాడి దగ్గర అమెరికన్ పాస్‌పోర్టు ఉంటుంది. డెస్మండ్ ఫ్రాన్సిస్ పేరు మీద."

"అక్కర్లేని పాస్‌పోర్టు ఎందుకు?"

"వాళ్ళకేం తెలుసు? కాగితం ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుంటారు." కళ్ళద్దాలు తీసి అతన్నే చూసింది. "నా కాగితం సంగతేమైంది, ఎల్డ్రెడ్?"

అతను ఇసకలోకి చూశాడు. "వాషింగ్టన్‌లో ఉంది ఫైలు."

"మూడేళ్ళుగా అక్కడే ఉంది. హాయిగా ఉందా అక్కడ?" నవ్వింది గానీ ఆ నవ్వులో నవ్వు లేదు. "మీ ఇంటి వరండాలో నించుంటే మా ఇంటి దీపం కనిపిస్తుంది. నీకేమో మయామీ పెరటి దారి. నన్ను ఈ దీవి దాకా రానిస్తారు, ఇక్కణ్ణుంచి అడుగు ముందుకేస్తే ఏ నేరమూ చెయ్యలేదని పోలీసు సర్టిఫికెట్ తెమ్మంటారు. పద్దెనిమిదేళ్ళప్పుడు రెండు పెట్టెల సిగరెట్లు దాటించిన పాపానికి నాకు ఆ సర్టిఫికెట్ ఈ జన్మకి రాదు."

"నేను మళ్ళీ అడుగుతాను, కొరలీ."

"అడుగు. మధ్యాహ్నం ఫెర్రీకి ఇంటికి పోతున్నాను." అతని చెంప మీద చిన్నగా తట్టి వెళ్ళిపోయింది. ఎల్డ్రెడ్‌కి సిగ్గేసింది. ఆ ఫైలు గురించి అతను అడిగి ఏడాది దాటింది.

*

మధ్యాహ్నం ఎయిర్‌పోర్టులో ఎల్డ్రెడ్ చక్రాల కుర్చీలు తోసే పోర్టరు వేషంలో ఉన్నాడు. నెరిసిన గడ్డం, కొంచెం కుంటి నడక, చెవిలో వినికిడి యంత్రం. ఆ యంత్రంలోంచి మిస్ ఒట్లీ గొణుగుడు వినిపిస్తోంది. కుర్చీలో మిసెస్ పికరింగ్ అనే నిజమైన ముసలావిడ, మోకాలి ఆపరేషన్‌కి మయామీ వెళ్తోంది. పుట్టిన సర్టిఫికెట్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి గుండెలకి హత్తుకుని కూర్చుంది.

"ఎక్కడ పుట్టారు? సిటిజనేనా?" అన్నాడు ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు, తలెత్తకుండా.

"చూశావా వీణ్ణి?" అంది మిసెస్ పికరింగ్, ఎల్డ్రెడ్ వైపు తిరిగి. "నా దేశంలోంచి నా దేశానికి పోతుంటే పుట్టావా అని అడుగుతున్నాడు. పుట్టకపోతే ఈ కుర్చీలో ఎవరు కూర్చున్నారట?"

లైనులో అందరూ నవ్వారు. వెనకాల నిలబడిన ఒక మనిషి కూడా నవ్వాడు, అందరికంటే అర క్షణం ఆలస్యంగా. పూల చొక్కా, వెడల్పాటి భుజాలు. తన వంతు రాగానే, ఎవరూ అడక్కుండానే నీలం పాస్‌పోర్టు తీసి కౌంటరు మీద పెట్టాడు. ఆఫీసరు పేరు చదివి తిరిగి ఇచ్చేశాడు.

ఎల్డ్రెడ్ కుర్చీని కావాలనే వెనక్కి లాగాడు. చక్రం ఆ మనిషి కాలికి తగిలింది, పాస్‌పోర్టు కింద పడింది. "అయ్యో, కళ్ళు కనపడవు బాబూ," అంటూ వంగి, పేజీలు తిరగేసి తీశాడు. లండన్, టొరంటో, పనామా ముద్రలు ఉన్నాయి. పేరు డెస్మండ్ ఫ్రాన్సిసే, కానీ ఈ దీవుల్లో ఆ పేరున్నవాళ్ళు బోలెడంత మంది.

"ఏ ఊరు బాబూ?"

"సెంట్ జాన్. కోరల్ బే." యాసలో వంక పెట్టడానికి లేదు.

"మాదీ అదే దీవి. మీ అమ్మగారు ఎవరింటి పిల్ల?"

"అమ్మది టోర్టోలా. రోడ్ టౌన్."

"అలాగా. అక్కడికి వెళ్తూ ఉంటావా?"

"ప్రతి క్రిస్మస్‌కీ. అమ్మమ్మ ఉందిగా."

ఎల్డ్రెడ్ గొంతు సవరించుకుని, "కుర్చీ చక్రం ఊడింది," అన్నాడు గట్టిగా. అది కోడ్. శుభ్రం చేసేవాళ్ళ బట్టల్లో ఉన్న ఇద్దరు ఏజెంట్లు తుడుపు కర్రలు వదిలేసి వచ్చి ఆ మనిషి రెండు చేతులూ పట్టుకున్నారు.

సెంట్ జాన్ వాళ్ళ పాస్‌పోర్టులు ఎలా ఉంటాయో ఆ దీవి పిల్లల్ని అడిగినా చెబుతారు. మయామీకి ఆ పుస్తకం బయటికి తీసే పని లేదు. కళ్ళెదురుగా కనిపించే టోర్టోలాకి మాత్రం అది లేకపోతే ఫెర్రీ ఎక్కనివ్వరు, ఎందుకంటే అది బ్రిటిష్ వాళ్ళది. పెళ్ళికీ, చావుకీ, పిన్ని వండిన పులుసుకీ వెళ్ళినప్పుడల్లా ఒక ముద్ర పడుతుంది. ప్రతి క్రిస్మస్‌కీ అమ్మమ్మ ఇంటికి వెళ్ళే వీడి పాస్‌పోర్టులో టోర్టోలా ముద్ర ఒక్కటీ లేదు.

*

వెనక గదిలో వాడి చొక్కా మడతలోంచి చిన్న సిరంజీ దొరికింది. "ఇక వచ్చి తిను," అంది మిస్ ఒట్లీ చెవిలో, ఎప్పుడూ లేనంత మెత్తగా. ఎల్డ్రెడ్ కుర్చీలో కూలబడ్డాడు. ఇల్జె బతికింది. ఊపిరి తేలిగ్గా వచ్చింది.

"ఇంత ఖర్చు పెట్టారు," అన్నాడు వాడితో. "పనామా దాకా ముద్రలు గుద్దారు. పక్కనున్న టోర్టోలా ముద్ర గుద్దడానికి చేతులు రాలేదా?"

"నేను అడిగాను," అన్నాడు వాడు విసుగ్గా. "అక్కర్లేదంది ఫోన్‌లో నేర్పినావిడ. క్రిస్మస్ కథ చెప్పమన్నదీ, కౌంటరు దగ్గర పాస్‌పోర్టు చూపించమన్నదీ ఆవిడే."

ఎల్డ్రెడ్ కుర్చీలోంచి లేచాడు.

టోర్టోలాలో పుట్టిన పిల్ల టోర్టోలా ముద్ర మర్చిపోతుందా? మర్చిపోదు. వీణ్ణి పట్టివ్వడానికే తయారు చేసింది. పట్టివ్వడం మన కోసమే అయితే, ముద్రల సంగతి పొద్దున బీచిలోనే చెప్పేది. చెప్పలేదు. అందరూ వీడి చుట్టూ మూగే ఆ కాసేపు ఆమెకి కావాలి. ఇల్జె తలుపు తీసేది లోకంలో ఇద్దరికే. ఒకడు తను.

గడ్డం చేతికి ఊడొస్తున్నా ఆగకుండా కౌంటరు దగ్గరికి పరిగెత్తాడు. "ఇప్పుడు ఒకమ్మాయి వెళ్ళిందా? అందంగా ఉంటుంది."

"నర్సు బట్టల్లో ఒకామె వెళ్ళింది," అన్నాడు ఆఫీసరు. "సెంట్ థామస్‌లో పుట్టానంది. లైసెన్సు చూపించింది."

"పాస్‌పోర్టు అడగలేదా?"

"సిటిజన్లకి అక్కర్లేదు కదండీ."

ఎల్డ్రెడ్ విమానం దగ్గరికి వెళ్ళేసరికి మెట్లు జరుపుతున్నారు. కుంటి ముసలాడు ఆ వేగంతో ఎక్కడం చూసి మెట్ల దగ్గర కుర్రాడు అడ్డు రావడం కూడా మర్చిపోయాడు.

తెల్లటి బట్టల్లో, జుట్టు ముడేసుకుని, మిసెస్ పికరింగ్ పక్కనే కూర్చుంది కొరలీ. ముసలావిడ చెయ్యి తన చేతిలో ఉంది. వేలికి పెద్ద రాయి ఉంగరం. ఆ రాయి కింద విషపు సూది ఉంటుందని ఎల్డ్రెడ్‌కి తెలుసు. డిపార్ట్‌మెంటు తరఫున అది ఇచ్చింది తనే.

"ఈ నర్సమ్మ బంగారం," అంది మిసెస్ పికరింగ్. "నీ గడ్డం ఏమైంది నాయనా?"

"కొరలీ. ఆవిడ చెయ్యి వదులు."

"కూర్చో, ఎల్డ్రెడ్. అందరూ చూస్తున్నారు." ఆమె బొటనవేలు రాయి మీదకి జరిగింది.

"ఒళ్ళో పెట్టుకుని నిమిరావు కదే ఇల్జెని. ఎలా చంపుదామనుకున్నావ్?"

కొరలీ ముసలావిడ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "వాళ్ళు పాస్‌పోర్టు ఇస్తామన్నారు. నిజమైనది. ఏ గుమ్మం దగ్గరా ఆపనిది. మీరేమో మూడేళ్ళూ పని చేయించుకుని రేపు రా అన్నారు."

"తప్పు నాది. వాషింగ్టన్‌ది. ఇల్జె ఏం చేసింది?"

ఇంజన్లు మోత మొదలెట్టాయి. బొటనవేలు రాయిని నొక్కింది, సూది తళుక్కుమంది. అదే క్షణంలో ఎల్డ్రెడ్ ఆమె మణికట్టు పట్టి సీటు వీపుకి అదిమాడు. సూది దిండులో దిగి విరిగింది. కొరలీ పెనుగులాడలేదు. తల వంచుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది.

"నర్సుకి ఒంట్లో బాలేదా?" అంది మిసెస్ పికరింగ్.

*

సాయంత్రం ఎల్డ్రెడ్ మయామీకి ఫోన్ చేశాడు.

"నువ్వా?" అంది ఇల్జె సంతోషంగా. "కొరలీ ఇంకా రాలేదేం? వస్తానని పొద్దున ఫోన్ చేసింది. తనకి ఇష్టమని బీట్‌రూట్ సూప్ కాచాను."

"విమానం అందలేదు," అన్నాడు ఎల్డ్రెడ్. "ఇవాళ ఎవరొచ్చినా తలుపు తియ్యకు."

కొరలీ కేసు ఇక్కడ కాదు, మయామీలో నడపాలని వాషింగ్టన్ ఆర్డరు వేసింది. మర్నాడు అదే విమానంలో, చేతులకి బేడీలేసి, ప్రభుత్వమే కిటికీ పక్క సీటు కొని కూర్చోబెట్టింది. పాస్‌పోర్టు ఉందా అని ఆమెని ఎవరూ అడగలేదు.