ఎడమవైపు పైన్ ఆకు

"అడవిలో రెండు రోజులు. సెలవనుకో," అన్నాడు డైరెక్టర్, ఫైలు ముందుకి తోస్తూ.

మాస్టారికి ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన అడవుల్లో గడిపిన రోజులకి లెక్కలేదు, అందులో ఒక్కటీ సెలవు కాదు. ఇప్పుడాయన ట్రైనింగ్ స్కూల్లో పాఠాలు చెప్పుకునే మనిషి. అలాంటివాణ్ణి ఫీల్డులోకి లాగుతున్నారంటే వ్యవహారం బాగా చెడిందన్నమాట.

"విషయం చెప్పండి సర్."

"సరిహద్దు అవతల మారుపేర్లతో ఉన్న మనవాళ్ళు నలభై ఒక్కమంది. వాళ్ళ అసలు పేర్లు ఒక చిప్‌లోకి ఎక్కాయి. తీసుకునేవాడు అవతలి ముఠా మనిషి, డాక్టర్. ఇచ్చేవాడెవడో తెలీదు. చోటు ఒక గ్లాంపింగ్ క్యాంపు, అంటే అడవిలో గుడారాల హోటల్. ఎల్లుండి పొద్దున తొమ్మిదికి డాక్టర్ జీపు కొండ దిగుతుంది. అది కదిలితే నలభై ఒక్క ప్రాణాలు పోయినట్టే."

మాస్టారు ఫైలు ముట్టుకోలేదు. ఆ నలభై ఒక్కమందిలో ఒకడు ఆయన అక్క కొడుకు. ఉద్యోగంలో చేర్పించింది ఆయనే, సరిహద్దు దాటించింది కూడా ఆయనే. అక్కకి మాత్రం, వాడు ఓడల కంపెనీలో ఉన్నాడని నాలుగేళ్ళుగా అబద్ధం చెబుతున్నాడు.

"నీకు తోడు నెమలి వస్తుంది. డాక్టర్ ముఠాలో మన డబుల్ ఏజెంట్, డాక్టర్ మాత్రం ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. మీరిద్దరూ భార్యాభర్తలు. కోడ్ వర్డ్ ఫైల్లో ఉంది."

"నా వయసుకి ఆవిడ భార్యంటే ఎవరైనా నమ్ముతారా?"

"రిటైరైన ఇంజనీరువి. నమ్ముతారు," అన్నాడు డైరెక్టర్ నవ్వకుండా.

క్యాంపు చూసేసరికి మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పైన్ చెట్ల మధ్య పన్నెండు తెల్లటి గుడారాలు. లోపల చెక్క నేల, ఇత్తడి మంచం, మంచం మీద ఏడు దిండ్లు, పైనుంచి వేలాడే గాజు దీపాల గుత్తి, ఓ మూల రాగి స్నానాల తొట్టె. ఒకప్పుడు ఇలాంటి కొండ మీదే ఆయన చిరిగిన టార్పాలిన్ కింద తడిసి ముద్దై పదహారు రోజులున్నాడు. అప్పుడాయనకి దిండంటే బూట్లే. రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వుతూ ఫోన్లన్నీ తీసుకుని చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసింది. ఇక్కడ ప్రకృతితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదట. చిప్ చేతులు మారడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఏడో నంబర్ గుడారం ముందు నెమలి కూర్చుని ఉంది. ఎర్ర స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు, జడముడిలో పొడుగాటి వెండి పిన్ను.

"ఇక్కడి పైన్ చెట్లు ఎప్పుడు పూస్తాయండీ?" అంది.

"పూయవు. రాలతాయి."

"అయితే రండి శ్రీవారూ, టీ చల్లారిపోతోంది."

సాయంత్రం ఎండ వాలకముందే ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని క్యాంపంతా తిరిగారు. తొమ్మిదో నంబర్‌లో డాక్టర్, బట్టతల, ఉన్ని కోటు. మూడో నంబర్‌లోంచి నెరిసిన గడ్డంతో, కాలీడుస్తూ ఒక పెద్దమనిషి మెడలో బైనాక్యులర్స్ వేసుకుని పిట్టల్ని చూడ్డానికి బయల్దేరాడు. మాస్టారు నమస్కారం పెడితే ఆయన తలాడించి వెళ్ళిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక మాస్టారి చూపు మూడో నంబర్ గుడారం తలుపు మీద పడింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అందరూ తలుపు జిప్పుని నేలదాకా లాగి వదిలేస్తారు. ఆ జిప్పు మోకాలెత్తున ఆగి ఉంది, దాని పళ్ళ మధ్య ఒక పైన్ ఆకు గుచ్చి ఉంది. ఎవరైనా తెరిస్తే ఆకు రాలిపోతుంది, తిరిగొచ్చినవాడికి సంగతి తెలిసిపోతుంది. ఆ కిటుకు ఏ పుస్తకంలోనూ లేదు. మాస్టారు సొంతంగా కనిపెట్టి నూట ఎనభైమందికి నేర్పాడు. ఆకు కొన కుడివైపుకి ఉండాలని చేత్తో చేసి మరీ చూపించాడు.

ఇక్కడ కొన ఎడమవైపుకి ఉంది.

ఆ నూట ఎనభైమందిలో ఎడమచేతి వాటం ఒక్కడికే. ఎన్నిసార్లు తిట్టినా ఎడమవైపే గుచ్చేవాడు. "అలవాటైపోయింది మావయ్యా, వదిలెయ్," అనేవాడు.

"ఏమైంది?" అంది నెమలి.

"మోకాలు పట్టేసింది."

ఎవరిని కాపాడాలని కొండెక్కాడో వాడే అందరినీ అమ్మేస్తున్నాడు. ఒక్కమాట నెమలితో చెబితే వాణ్ణి ఇప్పుడే పట్టేస్తారు. చెప్పకపోతే? తెల్లారేలోగా వాడి మనసు మారొచ్చు, చిప్ పొయ్యిలో పడేసి వెళ్ళిపోవచ్చు. సిగ్గులేకుండా ఆ ఆశే పెట్టుకున్నాడు. చెప్పలేదు.

వాడి మనసు మారలేదు.

పొద్దున ఎనిమిదీ యాభై. భోజనాల గుడారం బయట డాక్టర్ జీపు ఇంజన్ నడుస్తోంది. డాక్టర్ ఓ కాలు జీపులో పెట్టాడు. పిట్టల పెద్దమనిషి కాలీడుస్తూ వచ్చాడు.

"వెళ్ళేముందు ఒక్కసారి చూడండి డాక్టర్ గారూ. ఆ కొమ్మ మీద, నీలి పిట్ట," అంటూ బైనాక్యులర్స్ అందించాడు. ఎడంచేత్తో.

కొమ్మ మీద ఏ పిట్టా లేదు. డాక్టర్ బొటనవేలు కంటిగొట్టం చుట్టూ ఉన్న రబ్బరు అంచు కిందికి దూరింది.

"నాకూ చూపించండి, మా ఆవిడకి పిట్టలంటే ప్రాణం," అంటూ మాస్టారు బైనాక్యులర్స్ లాక్కున్నాడు. డాక్టర్ చెయ్యి కోటు జేబులోకి పోయింది. నెమలి జడముడిలోంచి పిన్ను తీసి అతని మెడలో దించింది. పిస్టల్ బయటికి రాకముందే డాక్టర్ సీట్లోకి ఒరిగిపోయాడు.

పెద్దమనిషి పరిగెత్తలేదు. "నన్ను గుర్తుపట్టవనుకున్నా మావయ్యా," అన్నాడు. దగ్గర్నించి చూస్తే ఆ గడ్డంలో నెరుపు సగం రంగు కాదు, నిజంగానే నెరిసింది.

మాస్టారు రబ్బరు అంచు కిందినుంచి చిప్ తీశాడు. "ఇందులో ఎన్ని పేర్లున్నాయిరా?"

"నలభై. వాళ్ళందరికీ కబుర్లు చేరవేసింది నేనేగా."

"నీది లేదన్నమాట."

"డాక్టర్ నాకు కొత్త పేరిస్తానన్నాడు. పాత పేరుతో నన్నెవరూ వెనక్కి పిలవలేదు కదా. ఒక్క ఏడాదన్నావు. నాలుగేళ్ళయింది. తీసుకెళ్ళమని ఎన్ని కబుర్లు పంపాను? 'ఇంకొన్నాళ్ళు' అన్న కాగితం మీద సంతకం ఎవరిది?"

మాస్టారిదే. నాలుగు కాగితాల మీదా ఆయనదే. అలాంటి చోట కుదురుకున్నవాడు మళ్ళీ దొరకడని రాసి మరీ సంతకం పెట్టాడు.

"అమ్మకేం చెబుతావు?" అన్నాడు వాడు చేతులు ముందుకి చాపి.

"ఓడ మునిగిందని చెబుతాను," అన్నాడు మాస్టారు. సంకెళ్ళు ఆయనే వేశాడు. ఎడమ చేతికి ముందు.

డైరెక్టర్ మనుషుల జీపు డాక్టర్‌నీ వాణ్ణీ ఎక్కించుకుని దిగిపోయాక నెమలి కళ్ళద్దాలు తీసింది. "డైరెక్టర్‌కి ముందే తెలుసండీ, మీవాడేనని. వేషం మార్చినా పట్టుకోగలిగేది మీరొక్కరే. ముందే చెబితే మీరు రారని చెప్పలేదు."

"నేను వదిలేసుంటే?"

ఆవిడ జడముడి వెనక తడిమి రెండో పిన్ను తీసి చూపించింది. "ఇది మీకోసం."

రిసెప్షన్‌లో ఫోన్ తిరిగిచ్చారు. అక్క నుంచి ఒక మెసేజ్ ఉంది: 'వాడి ఓడ ఎక్కడుందో తెలిసిందా తమ్ముడూ?' మాస్టారు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మా క్యాంపు నచ్చిందా అండీ?" అంది జీపు దగ్గర జరిగింది తెలియని రిసెప్షన్ అమ్మాయి, అభిప్రాయాల కాగితం ముందుకి జరుపుతూ. "ఇంకోసారి కుటుంబమంతా కలిసి రండి."

"ఈసారీ అలాగే వచ్చామమ్మా," అని మాస్టారు అలవాటు కొద్దీ అడుగున సంతకం పెట్టాడు.