కంసాలి సమాధి

"ఆగకు. చెబుతూనే ఉండు."

వెనక నుంచి మెల్లగా వచ్చింది మాట. అరబ్బీలో... కైరో యాసలో.

షహీరా టూరిస్టులకు చెప్పేది ఆపలేదు. ఎదురుగా హత్‌షెప్సుత్ గుడి. కొండ కింద మూడు అంతస్తులుగా నిలబడి ఉంది. మెట్ల మీద వందలమంది టూరిస్టులు. ఒక్కడూ ఆమె ముఖం వైపు చూడడం లేదు. అందరూ గోడల వైపే చూస్తున్నారు.

ఆ మనిషి పొద్దున్న రేవు దగ్గర టూర్‌లో చేరుతూ తన పేరు స్టావ్రోస్ అన్నాడు. గ్రీకువాణ్ణన్నాడు. అరబ్బీ ఒక్క ముక్క రాదన్నాడు.

ఇప్పుడు ఫోన్ ఆమె కళ్ల ముందు పెట్టాడు.

ఫొటో. కూతురి బడి. నీలం యూనిఫాంలో జుమానా... కిటికీ దగ్గర కూర్చుని పెన్సిల్ కొరుకుతోంది.

"పది నిమిషాల కిందటిది. ఒకటిన్నరకి బడి వదులుతారు కదా? మావాడు గేటు దగ్గర కారులో ఉన్నాడు. నేనొక్క ఫోన్ చేస్తే చాలు మేడం. నువ్వు అరిచినా చేస్తాను. ఎవరితో గుసగుసలాడినా చేస్తాను."

ఏం కావాలని అడిగింది.

అతను చెప్పాడు. దగ్గర్లోని పురాతన కంసాలి సమాధి, దాని అట్టడుగు గది. రెండేళ్లుగా మూసేసిన గది. అది మూసేసే ముందు చలికాలంలో దొంగిలించిన విగ్రహం అక్కడ బావిలాంటి గొయ్యిలో దాచారట. దాచినవాడు ఇప్పుడు జైల్లో ఉన్నాడు. కాపలా ముసలాయన ఎవరినీ లోపలికి రానివ్వడు. షహీరా తీసుకొచ్చినవాళ్లను తప్ప.

నిజమే. హజ్జాగ్ బాబాయ్ ఆమె తండ్రికి ప్రాణస్నేహితుడు. ఆమె అడిగితే కాదనడు.

టైం పన్నెండు.

వ్యాన్‌లో ఎక్కారు. గ్రూపులో ఇంకో ఇద్దరే ఉన్నారు. హాలండ్ నుంచి వచ్చిన ముసలి దంపతులు. ఆవిడ పేరు హన్నెకె. దారి పొడవునా షహీరాకు ఖర్జూరాలు పెడుతూనే ఉంది. నీ ముఖం పాలిపోయింది, ఏమైనా తిను తల్లీ అంటోంది.

షహీరా ఒక ఖర్జూరం నోట్లో వేసుకుంది.

పంతొమ్మిదేళ్లుగా గైడ్. ఈ దారిలో ప్రతి రాయీ తెలుసు. ఈ రోజు ఏ రాయీ సాయం వచ్చేలా లేదు. అరబ్బీలో బాబాయ్‌తో ఒక్క మాట చెప్పడానికి లేదు... వాడు వింటాడు. కళ్లతో సైగ చేద్దామంటే బాబాయ్‌కి చూపు ఆనదు.

సమాధి ముందు హజ్జాగ్ లేచి నిలబడ్డాడు. పొడుగు చొక్కా, తలపాగా, భుజాన పాత తుపాకి. అమ్మాయ్, ఇంత ఎండలో తెచ్చావేం వీళ్లని అంటూ ఇనుప గేటు తీశాడు.

ముప్ఫై రెండు మెట్లు. కింద మొదటి గది. గోడ మీది బొమ్మలో కంసాలి బంగారం తూస్తున్నాడు. వెనకాల స్టావ్రోస్ ఊపిరి ఆమె మెడకు తగులుతోంది.

ఫోన్ తీశాడు. చూశాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

షహీరాకు అప్పుడు తట్టింది.

ఇక్కడ సిగ్నల్ ఉండదు. ఎన్నడూ లేదు! వాడు కింద ఉన్నంతసేపూ ఆ ఫోన్ ఉత్త డబ్బా. పైకి రాకుండా ఆపితే చాలు... కానీ ఆపాల్సింది బాబాయ్. ఆయనకి చెప్పేదెలా?

చెప్పడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో. ఎప్పుడూ చెప్పే పాఠమే.

ఈ సమాధిని కనిపెట్టింది హజ్జాగ్ తాత. మేక తప్పిపోతే వెతుక్కుంటూ వచ్చి ఈ కన్నంలో పడ్డాడు. ఈ వాక్యం దగ్గరికి రాగానే బాబాయ్ గుండెల మీద చెయ్యి వేసుకుని వంగుతాడు. పంతొమ్మిదేళ్లుగా అంతే. ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఆ నాలుగు ముక్కలూ ఆయనకు కంఠతా వచ్చు.

"ఈ సమాధిని ఒక ఫ్రెంచి దొర కనిపెట్టాడు," అంది షహీరా. "ఈ కాపలాదారు పేరు హసన్. పోయిన నెలే కొత్తగా చేరాడు."

గుండెల మీదికి వెళ్తున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

హజ్జాగ్ ఆమెను చూశాడు. పక్కనున్న మనిషిని చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు.

తడబడే ఇంగ్లీషులో ఇక్కడ గాలి ఆడదు, అమ్మగారికి మంచిది కాదు అంటూ హన్నెకె చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ భర్తను వెనకాల రమ్మన్నాడు. పోతూ పోతూ అడుగు గది తాళంచెవి షహీరా చేతిలో పెట్టాడు. ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయి.

అర్థమైందా? కాలేదా?

అడుగు గది తలుపు తీసింది. వాడు టార్చ్ వేశాడు. నాలుగు స్తంభాలు... గది నడుమ గొయ్యి. మీద ఒకే ఒక చెక్క పలక.

అప్పుడు పైన ఇనుము చప్పుడైంది.

గేటు!

ఆ వెంటనే తాళం పడింది. దీపాలన్నీ ఆరిపోయాయి.

వాడి చేతిలోకి పిస్తోలు వచ్చింది. ఇంకో చేతిలో టార్చ్, ఫోన్. ఆమె జుట్టు పట్టుకునేందుకు టార్చ్ చంకలో దూర్చాడు. పైకి లాక్కెళ్లబోయాడు. మెట్లెక్కి గేటు దాకా చేరితే సిగ్నల్ వస్తుంది. షహీరాకు అది తెలుసు. వాడికీ తెలుసు.

కొరికింది. వాడి మణికట్టు... ఎముకకు పళ్లు దిగేదాకా.

ఫోన్ జారింది. కాలితో తన్నింది. అది గొయ్యిలోకి పోయి ఎక్కడో అడుగున టక్కుమంది. టార్చ్ నేలకు కొట్టుకుని ఆరిపోయింది.

చీకటి.

ఆమె పరుగెత్తలేదు. లెక్కపెట్టింది. ఎడమకి మూడడుగులు, స్తంభం. దాని వెనక కూర్చుంది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

వాడు పేలుస్తాడు. ఇప్పుడో... ఇంకో క్షణానికో.

"మేడం," అన్నాడు వాడు మెత్తగా. "నీ పిల్ల నీ కోసం ఏడుస్తుంది."

చెంపల మీద నీళ్లు. చప్పుడు రానివ్వలేదు. జుమానా ఇంకా కిటికీ దగ్గరే ఉందా? గంట కొట్టారా?

అడుగులు దగ్గరికొస్తున్నాయి. ఒకటి... రెండు... ఆగాయి. చేతికి గులకరాయి దొరికింది. అవతలి గోడ వైపు విసిరింది.

వాడు గిరుక్కున అటు తిరిగాడు. ఒక్క అడుగు వేశాడు.

పలక మీద కాదు.

కేక. దబ్బుమన్న చప్పుడు. తర్వాత మూలుగు.

ఎంతసేపు కూర్చుందో తెలియదు.

చివరికి పైన తాళం తీశారు. మెట్ల మీద బూట్లు. టార్చ్ వెలుగు. నేనమ్మా, మేజర్ రాగిబ్‌ని అన్న గొంతు. కొండ కింద చెక్‌పోస్ట్ ఆఫీసర్. ఆరేళ్లుగా రోజూ సలాం చెప్పే మనిషి.

షహీరా స్తంభం వెనక నుంచి పాక్కుంటూ వచ్చింది. పిల్ల... బడి... కారులో మనిషి... ఆ మూడు మాటలే పదిసార్లు చెప్పింది. మేజర్ తల ఊపుతూనే గొయ్యి అంచుకు వెళ్లాడు. లోపలికి వెలుగు వేశాడు.

లోపల నుంచి మూలుగుతూ వచ్చింది గొంతు. "ఇంతసేపా సార్? కాలు విరిగింది."

షహీరా స్తంభం వైపు వెనక్కి జరిగింది.

మేజర్ ఇటు తిరిగాడు. అతని ముఖంలో కోపం లేదు. విసుగుంది.

"నువ్వు మామూలుగా చూపించి మామూలుగా వెళ్లిపోయి ఉంటే బాగుండేదమ్మా."

పిస్తోలు తీశాడు.

"సార్."

మెట్ల మీద హజ్జాగ్. భుజాన ఉండాల్సిన తుపాకి చేతుల్లో ఉంది.

నిన్ను పైనే ఉండమన్నానుగా అన్నాడు మేజర్, తల తిప్పకుండానే.

"నేను ముందు ఫోన్ చేసింది నీకు కాదు సార్. మా కోడలికి. జుమానా బడిలోనే టీచర్. షహీరా నోట అబద్ధం వచ్చిందంటే పిల్లకే ముప్పని తోచింది. పిల్లని వెనక గేటు నుంచి మా ఇంటికి పంపేసింది. అది తెలిశాకే నీకు చేశాను. ఆ పిస్తోలు కింద పెట్టు."

మేజర్ నవ్వాడు. చటుక్కున తిరిగాడు.

పేలింది!

చెవులు హోరెత్తాయి. కప్పు నుంచి మట్టి రాలింది. టార్చ్ దొర్లుకుంటూ పోయి గొయ్యిలో పడింది. ఏదో బరువుగా కూలింది.

మళ్లీ చీకటి. మందుగుండు వాసన.

అవతల మెట్ల వైపు నుంచి ముసలి గొంతు వినిపించింది.

"షహీరా... ఆ కదులుతున్నది నువ్వేనా తల్లీ?"

చీకట్లో ఆ గొంతు వైపు చెయ్యి చాచింది.

"నేనే బాబాయ్."